వెనక బంపర్ కింది నల్ల ట్రిమ్: రంగు వెయ్యాలా, వినైల్ అంటించాలా, అలాగే వదిలెయ్యాలా?

తెల్లబండి
బండి అంతా బాగుంది, వెనక్కి వెళ్తే మాత్రం చూడబుద్ధి కావట్లేదు. బంపర్ కింది భాగంలో గరుకుగా ఉండే నల్ల ప్లాస్టిక్ ట్రిమ్ వెలిసిపోయి బూడిద రంగుకొచ్చింది. దాని మీద ఈ చివర నుంచి ఆ చివరకి ఒక క్రోమ్ పట్టీ. పైన తెలుపు, కింద బూడిద, మధ్యలో ఆ మెరుపు. ఒకదానికొకటి అస్సలు పొసగట్లేదు. నాకు కావలసింది కింది ట్రిమ్ నిగనిగలాడే నలుపులో ఉండాలి, క్రోమ్ కనపడకూడదు. ఎవరినడిగినా తలో మాట చెబుతున్నారు. ఒకరు స్టిక్కర్‌లా అంటించే వినైల్ ఫిల్మ్ అంటే ఇంకొకరు పెయింట్ అంటారు, మరొకరు ఎప్పుడంటే అప్పుడు పీకేసుకునే రబ్బర్ స్ప్రే అంటారు. నాలుగు పార్కింగ్ సెన్సర్లూ ఆ ట్రిమ్‌లోనే ఉన్నాయి, అదో టెన్షన్. చేయించినవాళ్లు, సొంతంగా చేసుకున్నవాళ్లు చెప్పండి. ఏది నిలబడింది, ఏది ఊడిపోయింది?

వినైల్_వీర
వినైలే. నచ్చకపోతే పీకెయ్యొచ్చు, కింద ప్లాస్టిక్ ఉన్నది ఉన్నట్టే ఉంటుంది.

స్పానర్‌బాబు
వీరా, గరుకు ప్లాస్టిక్ అని రాశారు కదా. దాని మీద వినైల్ పట్టదు. క్రోమ్ పట్టీ వరకైతే నేనూ ఒప్పుకుంటా.

వినైల్_వీర
ప్రైమర్ రాసి అంటిస్తే పడుతుంది. మా తమ్ముడి బండికి అలాగే చేశాం.

స్పానర్‌బాబు
ఒక ఎండాకాలం గడిచిందా దాని మీద?

వినైల్_వీర
ఇంకా లేదు.

స్పానర్‌బాబు
గడిచాక చెప్పు తమ్ముడూ, అప్పుడు మాట్లాడుకుందాం.

క్లియర్‌కోట్
ముందు ఆ ట్రిమ్ ఏ ప్లాస్టిక్కో తెలుసుకోండి. మిగతా నిర్ణయాలన్నీ దాన్ని బట్టే. విప్పి వెనక్కి తిప్పితే లోపలి వైపు అచ్చులోనే వచ్చిన అక్షరాలు కనిపిస్తాయి. రెండు బాణపు గుర్తుల మధ్య పీపీ+ఈపీడీఎమ్ అనో, దాని పక్కన ఒక గీత పెట్టి టీడీ20 అనో ఉంటుంది. పీపీ అంటే పాలీప్రొపిలీన్. ఈపీడీఎమ్ అనేది దెబ్బ తగిలితే పగలకుండా వంగడానికి కలిపే రబ్బరు. టీడీ20 అంటే అందులో 20 శాతం టాల్క్ పొడి ఉందని.

చిక్కంతా ఆ పాలీప్రొపిలీన్‌తోనే. రంగైనా జిగురైనా దాని మీద తామరాకు మీద నీటిబొట్టే. ఫ్యాక్టరీల్లో కూడా ఇలాంటి బంపర్లకి రంగు వేసేముందు ఉపరితలాన్ని క్షణకాలం మంట తగిలించి మార్చుకుంటారు, లేదంటే రంగు పట్టుకునేలా చేసే అడ్హీషన్ ప్రమోటర్ కొడతారు. ఆ పని చెయ్యకుండా డబ్బా స్ప్రే తెచ్చి నేరుగా కొడితే మొదటి రోజు అద్దంలా ఉంటుంది. ఆ తర్వాత రాయి తగిలిన చోటల్లా పెచ్చు లేస్తుంది, లేచిన పెచ్చు అంచు పట్టుకుని లాగితే కాగితంలా వచ్చేస్తుంది.

క్రోమ్ పట్టీ మీద మాత్రం బహుశా ఏబీఎస్ అని ఉంటుంది. అది వేరే జాతి ప్లాస్టిక్, దాని సంగతి వేరు.

నీలిహ్యాచ్
విప్పక్కర్లేదు. లోపలి అంచు నుంచి చిన్న ముక్క చెక్కి నీళ్లలో వెయ్యండి. తేలితే పాలీప్రొపిలీన్.

క్లియర్‌కోట్
నీలిహ్యాచ్ గారూ, ఉత్త పాలీప్రొపిలీన్ అయితే మీరన్నట్టే తేలుతుంది, దాని సాంద్రత నీటి కంటే తక్కువ. కానీ 20 శాతం టాల్క్ కలిస్తే నీటి కంటే కాస్త బరువెక్కి మునుగుతుంది. మునిగింది కదా అని ఏబీఎస్ అనుకుని ప్రమోటర్ మానేస్తే పని మొత్తం పాడు. అక్షరాలు చదవడమే నయం.

నీలిహ్యాచ్
ఇది నిజంగా కొత్త విషయం. నీళ్ల పరీక్ష ఇక చాలు నాకు.

మాట్_మాలిని
అసలు గ్లాస్ బ్లాకే, అంటే నిగనిగలాడే నలుపే ఎందుకు? బండిలో అన్నిటికంటే ఎక్కువ దెబ్బలు తినే చోటు అది. డిక్కీలో సామాను పెట్టేటప్పుడు మోకాలు తగులుతుంది, వెనక చక్రాలు లేపిన బురద, ఇసుక అంతా దాని మీదే పడుతుంది. ఇసుక ఉండగానే గుడ్డతో తుడిస్తే నల్ల గ్లాస్ మీద వెంట్రుకల్లాంటి గీతలు వలలా పడతాయి, ఎండలో అవన్నీ తేలిపోతాయి. మా అక్క బండికి శాటిన్ బ్లాక్, అంటే మెరుపు తక్కువుండే నలుపు ట్రిమ్ పెయింట్ వేశాం. గరుకు అలాగే కనిపిస్తుంది, నలుపు గాఢంగా ఉంటుంది, ఫ్యాక్టరీ నుంచి అలాగే వచ్చిందనుకుంటారు చూసినవాళ్లు. ఇంకో మంచి సంగతి, ఏదైనా చోట గీసుకుపోతే అక్కడ మాత్రం కొడితే చాలు, అతుకు తెలియదు. గ్లాస్‌లో అతుకు వేస్తే మొత్తం మళ్లీ చేసుకోవాల్సిందే.

గ్లాస్‌గిరి
మాలిని గారూ, మీ మాట నిజమే కానీ తెల్ల బండి మీద గ్లాస్ బ్లాక్ ఇచ్చే కాంట్రాస్ట్ శాటిన్ ఇవ్వదు. కడిగేటప్పుడు ముందు నీళ్లు బాగా కొట్టి ఇసుక పోయాక రుద్దితే గీతలు చాలావరకు తగ్గుతాయి. ఒళ్లు వంచలేనివాళ్లకి శాటిన్.

మాట్_మాలిని
గిరీ గారూ, మీ బండి ఇలా తీసుకొచ్చి ఎండలో నిలబెట్టండి, దగ్గరగా చూద్దాం.

గ్లాస్‌గిరి
సాయంత్రం తెస్తా :)

పాత_చెయ్యి
ఇన్ని చెబుతున్నారు, ఆ ట్రిమ్ నిజంగా వెలిసిందో లేదో ఎవరూ అడగలేదు. బాడీకి వ్యాక్స్ పెట్టేటప్పుడు అది గరుకు ప్లాస్టిక్ గుంటల్లోకి పోయి ఎండిపోతుంది, తెల్లగా మచ్చలు కడుతుంది. చాలామంది దాన్నే వెలిసిపోయిందనుకుంటారు. తెల్ల రబ్బరు తీసుకోండి, పెన్సిల్ గీతలు చెరిపేది, ఒక చోట గట్టిగా రుద్దండి. తెలుపు రబ్బరుతో పాటు ఉండలుగా వచ్చేసి కింద నలుపు కనిపిస్తే అది వ్యాక్సే. రబ్బరుతో రుద్దినా బూడిదగానే ఉంటే అప్పుడు ఎండకు దెబ్బతిన్నట్టు లెక్క. అతినీల కిరణాలు పాలీప్రొపిలీన్ పైపొరను విరిచేస్తాయి. ఆ విరిగిన పొరే బూడిదగా కనిపిస్తుంది, వేలు రాస్తే పొడిలా కూడా అంటుతుంది.

తెల్లబండి
పాత_చెయ్యి గారూ, రబ్బరు పెట్టి చూశా. క్రోమ్ పట్టీ పైనున్న అంచులో మీరన్నట్టే తెలుపు ఉండలుగా వచ్చేసింది. కింది భాగంలో మాత్రం ఏం మారలేదు, వేలికి బూడిద పొడి అంటుకుంది. అంటే రెండూ ఉన్నాయి.

క్లియర్‌కోట్ గారూ, బండి కిందికి దూరి టార్చి వేసి చూస్తే అక్షరాలు కనిపించాయి. పీపీ+ఈపీడీఎమ్-టీడీ20. మీరు చెప్పిందే! క్రోమ్ పట్టీ వేరే ముక్క, వెనక క్లిప్పులతో పట్టి ఉంది.

హీట్‌గన్_హీరో
హీట్ గన్ పెట్టి నెమ్మదిగా తిప్పుతూ పోతే బూడిద కాస్తా కళ్లముందే నల్లబడుతుంది. మందు లేదు, రంగు లేదు. పది నిమిషాల పని.

పాత_చెయ్యి
నల్లబడటం నిజమే. వేడికి పైపొర కరిగి లోపలున్న నూనె పదార్థం, నలుపు పైకి వస్తాయి. కానీ ఆ పొరను కాపాడేది ఏదీ కొత్తగా చేరదు కాబట్టి ఎండలో ఉంటే కొన్ని నెలల్లో మళ్లీ బూడిదే. పైగా ఒకే చోట ఒక్క క్షణం ఎక్కువ ఆగితే అక్కడ గరుకు కరిగి నున్నగా మెరిసే మచ్చ పడుతుంది. ఆ మచ్చ ఇక పోదు. సెన్సర్ల దగ్గర అయితే అస్సలు వద్దు.

హీట్‌గన్_హీరో
పైన సెరామిక్ ట్రిమ్ కోటింగ్ రాస్తే?

పాత_చెయ్యి
రాస్తే నిలబడుతుంది. అయితే అది రాసేవాళ్లకి హీట్ గన్ అవసరమే లేదు. బాగా కడిగి, ఆల్కహాల్‌తో తుడిచి, కోటింగ్ రాస్తే అదే నలుపు వస్తుంది.

డిప్_దీపు
రబ్బర్ స్ప్రే తరఫున నేను మాట్లాడతా. ప్లాస్టి డిప్ లాంటివి. ఇవి ప్లాస్టిక్‌ని రసాయనికంగా పట్టుకోవు, తొడుగులా చుట్టుకుని ఉంటాయి. అందుకే మందంగా కొట్టాలి. పలచగా రెండు చేతులు కొట్టి వదిలేసినవాళ్లే తర్వాత పీకలేక ఏడుస్తారు, గోటితో గీరాల్సి వస్తుంది. తక్కువలో తక్కువ నాలుగైదు పొరలు, ఒక్కోటి ఆరాక ఇంకోటి. అంచుల దగ్గర మాస్కింగ్ టేప్‌ని చివరి పొర తడిగా ఉండగానే లాగెయ్యాలి, ఆరాక లాగితే పొర కూడా దాంతోపాటు చిరిగొస్తుంది. నలుపు నప్పుతుందో లేదో చూసుకోవడానికి దీన్ని మించింది లేదు.

స్పానర్‌బాబు
పెట్రోల్ పడితే కరిగిపోతుంది, అది కూడా చెప్పు.

డిప్_దీపు
పెట్రోల్ మూత పక్కన ఉంటుంది, బంపర్ ట్రిమ్ మీద ఎందుకు పడుతుంది అన్నా?

స్పానర్‌బాబు
నింపేటప్పుడు పొర్లితే ఆ పక్క నుంచి కారి బంపర్ మూల దాకా వస్తుంది. చూశాను కాబట్టే చెబుతున్నా. ఇంకోటి, ప్రెషర్ వాషర్ నాజిల్ దగ్గరగా పెట్టి అంచు మీద కొడితే అక్కడి నుంచి తొడుగు లేచిపోతుంది.

డిప్_దీపు
ఆ రెండూ ఒప్పుకుంటా. అందుకే నేను దాన్ని శాశ్వతం అనను. రుచి తెలుసుకోవడానికి అంటాను.

తెల్లబండి
గరుకు ప్లాస్టిక్ మీద పెయింట్ వేసి నిగనిగ తేవడం సాధ్యమేనా? నాకు అది ఇంకా అర్థం కాలేదు. గరుకు అలాగే ఉంటే గ్లాస్ ఎలా వస్తుంది?

క్లియర్‌కోట్
సరైన ప్రశ్న. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. గరుకు మీద నేరుగా గ్లాస్ కొడితే మెరుపు వస్తుంది కానీ ఆ మెరుపు కింద గింజలు గింజలుగా కనిపిస్తుంది. దూరం నుంచి పర్లేదు, దగ్గరకొస్తే తోలుకి వార్నిష్ వేసినట్టుంటుంది. నున్నటి గ్లాస్ కావాలంటే ఆ గుంటలు నింపాలి. క్రమం ఇలా ఉంటుంది.

ట్రిమ్ విప్పి గిన్నెల సబ్బుతో బ్రష్ పెట్టి తోమాలి, లోపలి వైపు కూడా. తర్వాత వ్యాక్స్, గ్రీజ్ పోగొట్టే ద్రవంతో ఒక గుడ్డతో తడిపి, అది ఆరకముందే పొడి గుడ్డతో తుడిచెయ్యాలి. ఇంతకుముందు ట్రిమ్‌కి మెరుపు రావడానికి సిలికాన్ పాలిష్ రాసి ఉంటే ఈ పని రెండుసార్లు చెయ్యండి. సిలికాన్ ఏ మాత్రం మిగిలినా రంగు అక్కడ గుండ్రంగా విడిపోయి చేప కళ్లలా గుంటలు పడతాయి. తర్వాత 320 వాటర్ పేపర్‌తో గరుకు కొసలు తియ్యాలి, మొత్తం నున్నగా అయ్యేదాకా కాదు. పాలీప్రొపిలీన్‌ని ఎక్కువ రుద్దితే నూగులా లేస్తుంది, ఆ నూగు పోగొట్టడం ఇంకో తలనొప్పి. మళ్లీ కడగాలి. కడిగాక నీళ్లు పొరలా పరుచుకుంటున్నాయా, బొట్లు బొట్లుగా విడిపోతున్నాయా చూడండి. బొట్లు కడుతున్న చోట ఇంకా నూనె ఉందన్నమాట.

పూర్తిగా ఆరాక అడ్హీషన్ ప్రమోటర్, పలచగా. దాన్ని రుద్దకూడదు, వేలు కూడా పెట్టకూడదు. ఎంతసేపట్లో పై పొర కొట్టాలో డబ్బా మీద రాసి ఉంటుంది, ఆ సమయం దాటనివ్వొద్దు. దాని మీద ప్లాస్టిక్‌కి పనికొచ్చే హై బిల్డ్ ప్రైమర్. గుంటలు నింపేది ఇదే. ఆరాక 600తో తడిపి రుద్దాలి, గింజ కనపడితే ఇంకో చెయ్యి. ఎక్కడైనా రుద్దడంలో ప్లాస్టిక్ బయటపడితే అక్కడ మళ్లీ ప్రమోటర్ నుంచి మొదలు. తర్వాత నలుపు బేస్, దాని మీద మెరుపునిచ్చే పారదర్శక పొర, అదే క్లియర్. ట్రిమ్ వంగే ముక్క కాబట్టి క్లియర్‌లో ఫ్లెక్స్ ఎడిటివ్ కలపమని పెయింటర్‌ని అడగండి, లేదా వంగే భాగాలకే తయారైన క్లియర్ వాడమనండి.

హార్డెనర్ కలిపే రెండు భాగాల క్లియర్ ఇంటి దగ్గర కొట్టొద్దు. అందులో ఐసోసయనేట్లు ఉంటాయి, ఊపిరితిత్తులకు చాలా చెడ్డవి. మామూలు దుమ్ము మాస్కు వాటిని ఆపదు. పని తెలిసినవాళ్లు బయటి గాలి అందించే మాస్కు పెట్టుకుని బూత్‌లో కొడతారు.

అర్ధరాత్రి_డ్రైవర్
ఇది చదివాక నా బండి ట్రిమ్ బూడిద రంగే బాగుందనిపిస్తోంది.

మాట్_మాలిని
శాటిన్ అయితే ఇందులో సగం పని ఉండదు. తోముడు, వ్యాక్స్ తీసే ద్రవం, గ్రే స్కఫ్ ప్యాడ్‌తో ఒక రుద్దుడు, ప్రమోటర్, రంగు. ఫిల్లర్ లేదు, క్లియర్ లేదు. నేను మొదటి నుంచీ అదే చెబుతున్నా.

నీలిహ్యాచ్
మా బావ బండికి ఒక వర్క్‌షాప్‌లో ఇదే ట్రిమ్‌కి గ్లాస్ బ్లాక్ వేశారు. ప్రమోటర్ వేశారా అని అడిగితే అదంతా ప్రైమర్‌లోనే ఉంటుందని చెప్పారట. మొదటి ప్రెషర్ వాష్‌కే నంబర్ ప్లేట్ కింద అరచెయ్యంత పొర లేచిపోయింది. కింద ప్లాస్టిక్ కొత్తదానిలా గరుకుగా ఉంది, ఒక్క గీత కూడా లేదు. అంటే కనీసం స్కఫ్ ప్యాడ్ కూడా తగల్లేదు. బావ ఆ ఊడిన పొర ముక్క జేబులో పెట్టుకుని వెళ్లి చూపించాకే మళ్లీ చేశారు.

క్లియర్‌కోట్
చేయించేటప్పుడు అక్కడ నిలబడి చూడలేకపోతే ఒక్క ప్రశ్న అడగండి, ప్రమోటర్ డబ్బా చూపించమనండి. రోజూ ప్లాస్టిక్ పని చేసేవాళ్ల దగ్గర అది చేతికి అందేచోటే ఉంటుంది.

సెన్సర్_సుధ
పార్కింగ్ సెన్సర్ల సంగతి ఇంకా ఎవరూ సరిగ్గా చెప్పలేదు కాబట్టి రాస్తున్నా. బంపర్‌లో గుండ్రంగా కనిపించేవి అల్ట్రాసోనిక్ సెన్సర్లు. పైన కనిపించే ఆ బిళ్ళే కంపిస్తుంది, సుమారు 40 నుంచి 60 కిలోహెర్ట్జ్ మధ్య. తిరిగొచ్చిన ప్రతిధ్వనిని కూడా అదే వింటుంది. దాని మీద వినైల్ గానీ రబ్బర్ స్ప్రే గానీ పడితే కంపనం నలిగిపోతుంది. అప్పుడు వెనక ఏమీ లేకపోయినా ఆగకుండా మోగుతుంది, లేదా గోడ దగ్గరకొచ్చినా మోగదు. రెండోది ప్రమాదం.

అందుకే పని మొదలెట్టేముందు సెన్సర్లు వెనక నుంచి విప్పి పక్కన పెట్టండి. ఏది ఎక్కడిదో టేప్ మీద రాసి అంటించండి, మళ్లీ అదే చోట పెట్టాలి. సెన్సర్ ముఖం కూడా నల్లగానే కావాలంటే, నలుపులో వచ్చే సెన్సర్లు ఆ మోడల్‌కి దొరుకుతాయేమో చూడండి. రంగే వెయ్యాలంటే ప్రైమర్ లేకుండా, ఫిల్లర్ లేకుండా, ఒకే ఒక పలచటి పొర. సెన్సర్ చుట్టూ ఉండే సిలికాన్ రింగ్ మీద మాత్రం చుక్క కూడా పడకూడదు. ఆ రింగే కంపనం బంపర్‌లోకి పోకుండా ఆపేది. రంగు గట్టిపడి రింగ్ బిగుసుకుపోతే పిచ్చి మోతలు మొదలవుతాయి.

ఇంకా పెద్ద విషయం. మీ బండికి బ్లైండ్ స్పాట్ హెచ్చరిక ఉందా? ఉంటే బంపర్ రెండు మూలల లోపల రాడార్లు ఉండొచ్చు. అవి బయటికి కనిపించవు.

తెల్లబండి
సుధ గారూ, బ్లైండ్ స్పాట్ లేదు. కానీ ఉన్నవాళ్లకోసం చెప్పండి, ఏమవుతుంది?

సెన్సర్_సుధ
ఆ రాడార్లు 24 లేదా 77 గిగాహెర్ట్జ్‌లో పనిచేస్తాయి, ప్లాస్టిక్ బంపర్ గుండా చూస్తాయి. 77 గిగాహెర్ట్జ్ అంటే తరంగం పొడవు 4 మిల్లీమీటర్లు కూడా ఉండదు. అంత చిన్న తరంగానికి పైన మందంగా పుట్టీ ఉన్నా, రంగులో లోహపు రేకులు ఎక్కువున్నా తేడా కొడుతుంది. క్రోమ్‌లా మెరిసే లోహపు పూత ఫిల్మ్ అంటిస్తే అక్కడితో రాడార్ గుడ్డిదవుతుంది. అసలు కార్బన్ ఫైబర్ ముక్క పెట్టినా అంతే, అది విద్యుత్తును ప్రవహింపజేసే పదార్థం, తరంగాలను దాటనివ్వదు. కార్బన్ ఫైబర్‌లా కనిపించే మామూలు వినైల్ వేరు, అది ఉత్త ప్లాస్టిక్కే. అయినా రాడార్ ఉన్న మూలల్లో స్టిక్కర్లు, మందపు పూతలు వద్దని బండి మాన్యువల్‌లో సాధారణంగా రాసి ఉంటుంది. ఆ పేజీ చదివి మొదలెట్టండి.

రెక్కల_రాజు
ఇదంతా ఎందుకు, ట్రిమ్ మీదే అంటించే డిఫ్యూజర్ రెక్కలు వస్తాయి. నిలువుగా నాలుగు నల్ల రెక్కలు పెడితే వెలిసినదీ కనపడదు, వెనకా గంభీరంగా ఉంటుంది. గాలి కూడా బాగా పోతుంది.

స్పానర్‌బాబు
రాజా, గాలి మాట వదిలెయ్. డిఫ్యూజర్ పనిచెయ్యాలంటే బండి అడుగు చదునుగా ఉండాలి, గాలి కింద వేగంగా వచ్చి వెనక పైకి వాలుగా తెరుచుకునే చోట నెమ్మదించాలి. సైలెన్సర్, స్పేర్ వీల్ గుంత వేలాడుతున్న అడుగుకి నాలుగు రెక్కలు అంటిస్తే గాలికేం తెలుస్తుంది?

రెక్కల_రాజు
సరే, చూడ్డానికే. చూడ్డానికి బాగుంటుంది కదా?

గ్లాస్‌గిరి
బాగుంటుంది. నేను రాజు పక్షం.

క్లియర్‌కోట్
అంటించుకోండి, కానీ జిగురు సంగతి గుర్తుపెట్టుకోండి. డబుల్ సైడ్ టేప్ కూడా పాలీప్రొపిలీన్ మీద రంగులాగే జారుతుంది, దానికీ ప్రమోటర్ రాయాలి. 3ఎమ్ వీహెచ్‌బీ టేప్ అయితే మామూలు గది వేడిలో అంటించిన 20 నిమిషాలకు సగం బలం, ఒక రోజుకు 90 శాతం, పూర్తి బలానికి 72 గంటలు. అంటించిన సాయంత్రమే హైవే ఎక్కి, రెక్క ఊడి వెనకొచ్చే బైక్ మీద పడితే? వెనకవాళ్ల కోసమైనా టేప్‌తో పాటు స్క్రూ వెయ్యండి.

రెక్కల_రాజు
స్క్రూ వేస్తా. ఆ మాట నిజం.

వినైల్_వీర
క్రోమ్ పట్టీ దగ్గరకి వద్దాం, అక్కడ నన్నెవరూ కాదనలేదు. క్రోమ్ నున్నగా ఉంటుంది, వినైల్ గట్టిగా పడుతుంది. కాస్ట్ వినైల్ తీసుకోండి, క్యాలెండర్డ్ వద్దు. క్యాలెండర్డ్‌ని రోలర్ల మధ్య సాగదీసి చేస్తారు కాబట్టి ఎండకు మళ్లీ వెనక్కి ముడుచుకుంటుంది, అంచుల్లో క్రోమ్ సన్నటి గీతలా బయటపడుతుంది. కాస్ట్ పలచగా ఉంటుంది, ముడుచుకోవడం చాలా తక్కువ.

పట్టీ విప్పి చేస్తే ముక్కని అంచు దాటి వెనక్కి మడవొచ్చు. అదే బండి మీద ఉండగా చేస్తే అంచు దగ్గర కోసేయాలి, కోసిన చోటే తర్వాత లేస్తుంది. మూల తిరిగే చోట సాగదియ్యొద్దు. కొంచెం వేడి తగిలించి, వదులు చేసి, చేత్తో కూర్చోబెట్టండి. చివర్లో మడతలన్నిటి మీదా హీట్ గన్‌తో 95 డిగ్రీలు దాటేలా వేడి ఇస్తే వినైల్ తన పాత ఆకారం మర్చిపోతుంది. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ పెట్టి చూసుకోండి, చెయ్యి పెట్టి కాదు.

స్పానర్‌బాబు
ఇందులో వీర చెప్పిన ప్రతి మాటా నిజం. చేర్చాల్సింది ఒక్కటే, సైలెన్సర్ గొట్టం ట్రిమ్‌లోంచి బయటికొచ్చే బండ్లయితే ఆ గొట్టం చుట్టూ వినైల్ వద్దు. వేడికి ముడుచుకుపోతుంది.

వినైల్_వీర
అన్న మెచ్చుకున్నాడు, ఈ పోస్ట్ దాచుకుంటా.

తెల్లబండి
క్రోమ్‌ని రుద్దేసి పెయింట్ వేస్తే వినైల్ కంటే నయం కాదా? ఎలాగూ నలుపు కొడుతున్నాం కదా.

క్లియర్‌కోట్
వద్దు. ఏబీఎస్ మీద రాగి, నికెల్, ఆ పైన క్రోమ్ పొరలుగా ఉంటాయి. పైనున్న క్రోమ్ మైక్రాన్ కంటే పలచన, కానీ చాలా గట్టిది. రుద్దితే కొన్నిచోట్ల క్రోమ్, కొన్నిచోట్ల నికెల్, ఇంకొన్నిచోట్ల ఎర్రగా రాగి బయటపడతాయి, రంగు ఒక్కోచోట ఒక్కోలా పడుతుంది. లేచిన క్రోమ్ పెచ్చు అంచు బ్లేడులా వేళ్లు కోస్తుంది. గ్లౌజులు లేకుండా ముట్టుకోవద్దు. మీ పట్టీ మీద బొబ్బలు లేకపోతే వినైలే మేలు. బొబ్బలు ఉంటే వినైల్ కింద కూడా అవి పెరుగుతాయి, అప్పుడు పట్టీ మార్చుకోవడమే.

తెల్లబండి
బొబ్బలు లేవు, శుభ్రంగా ఉంది.

అర్ధరాత్రి_డ్రైవర్
అదే మోడల్‌లో పై వేరియంట్‌కి గ్లాస్ బ్లాక్ ట్రిమ్ ఫ్యాక్టరీ నుంచే వస్తే అదే కొని బిగించుకోవచ్చు కదా? నా బండికి అలాగే చేశా. క్లిప్పుల చోట్లు అవే, రంగు అచ్చులోనిదే, ఊడే గొడవ లేదు. పాత ముక్క అటక మీద పెట్టా, అమ్మేటప్పుడు తిరిగి బిగిస్తే సరి.

స్పానర్‌బాబు
ఇది మంచి దారి. కొనేముందు పార్ట్ నంబర్ సరిచూసుకోవాలి. సెన్సర్ రంధ్రాల సంఖ్య, సైలెన్సర్ గొట్టం ఎటువైపు, టో హుక్ మూత ఎక్కడ, ఇవి వేరియంట్‌ని బట్టి మారతాయి. నాలుగు సెన్సర్ల బండికి రెండు రంధ్రాల ట్రిమ్ తెచ్చుకున్నవాళ్లున్నారు.

తెల్లబండి
అడిగి చూశా, నా మోడల్‌లో అన్ని వేరియంట్లకీ ఇదే గరుకు ట్రిమ్. అందుకని ఇలా అనుకుంటున్నా. క్రోమ్‌కి గ్లాస్ బ్లాక్ కాస్ట్ వినైల్, వీర చెప్పినట్టు విప్పి, వెనక్కి మడిచి. కింది ట్రిమ్‌కి మాలిని గారు చెప్పిన శాటిన్. గిరి గారికి కోపం రాకూడదు. గరుకు నింపి గ్లాస్ తెచ్చేంత పని మోకాలు తగిలే చోట చెయ్యడం నాకు సబబుగా అనిపించలేదు, గ్లాస్ కోరిక క్రోమ్ పట్టీ తీర్చేస్తుంది.

ఒక్క సందేహం మిగిలింది. ట్రిమ్ రెండు చివర్లా ఎర్ర రిఫ్లెక్టర్లు ఉన్నాయి. వాటికి లేత నలుపు ఫిల్మ్ వేస్తే మొత్తం ఒకటిగా కలిసిపోతుంది కదా?

గ్లాస్‌గిరి
కోపమేం లేదు, నలుపు నలుపే.

సెన్సర్_సుధ
రిఫ్లెక్టర్ల జోలికి మాత్రం వెళ్లకండి. రాత్రి రోడ్డు పక్కన లైట్లన్నీ ఆగిపోయి బండి నిలబడితే వెనకొచ్చేవాడికి మీరు కనపడేది వాటితోనే. వాటికి కరెంటు అక్కర్లేదు, వెనక బండి వెలుగునే తిప్పి పంపుతాయి. ఫిల్మ్ వేస్తే వెలుగు లోపలికి పోయేటప్పుడు ఒకసారి, బయటికొచ్చేటప్పుడు ఒకసారి, రెండుసార్లు తగ్గుతుంది. ఫిల్మ్ సగం వెలుగునే వదిలేదైతే తిరిగొచ్చేది పావు వంతే. బండి లైట్ల గురించిన యూఎన్ 48వ రెగ్యులేషన్ పాటించే దేశాల్లో వెనక రిఫ్లెక్టర్లు తప్పనిసరి కూడా. రంగు వేసేటప్పుడు వాటిని విప్పెయ్యండి, కుదరకపోతే టేప్ అంచు వరకూ కచ్చితంగా వెయ్యండి.

పాత_చెయ్యి
సుధ గారి మాటే నాది. నంబర్ ప్లేట్ లైట్లు, రివర్స్ లైటు, ఫాగ్ లైటు ఉంటే అదీ, అన్నీ అంతే.

తెల్లబండి
సరే, వాటిని ముట్టుకోను. విప్పేటప్పుడు క్లిప్పులు విరుగుతాయని భయంగా ఉంది. స్పానర్‌బాబు అన్నా, ఏమైనా చిట్కా?

స్పానర్‌బాబు
ముందు చక్రాల ఆర్చీల లోపల, బంపర్ అడుగున ఉన్న స్క్రూలన్నీ తీసెయ్. ఒక్కటి మిగిలినా క్లిప్పు విరిగిందనుకుని లాగుతావు, విరిగేది ట్రిమ్ చెవి. చలిలో చెయ్యకు, ప్లాస్టిక్ పెళుసుగా ఉంటుంది. గోరువెచ్చటి నీళ్లు పోసి మెత్తబడ్డాక ప్లాస్టిక్ పట్టీతో క్లిప్పు పక్కనే ఎత్తు, మధ్యలో పట్టుకుని లాగొద్దు. స్క్రూడ్రైవర్ వాడితే బాడీ రంగు మీద గాటు పడుతుంది, పైన అంచుకి మాస్కింగ్ టేప్ వేసుకో. సెన్సర్ వైర్ల సాకెట్ విప్పేదాకా ట్రిమ్‌ని పూర్తిగా బయటికి లాగకు. కొన్ని క్లిప్పులు విరుగుతాయి, అది మామూలే, కొత్తవి ముందే తెచ్చి పెట్టుకో.

మాట్_మాలిని
రంగు ఆరింది కదా అని అదే రోజు బిగించొద్దు. పైన చెయ్యి పెడితే అంటకపోయినా లోపల మెత్తగానే ఉంటుంది, క్లిప్పు నొక్కేటప్పుడు వేలి ముద్ర పడిపోతుంది. ఒక రాత్రి వదిలెయ్యండి. డబ్బా మీద పూర్తిగా గట్టిపడే గడువు ఎంత రాశారో చూసి, అప్పటిదాకా ప్రెషర్ వాష్, ట్రిమ్ పాలిష్ రెండూ వద్దు.

తెల్లబండి
రాసుకున్నా. ప్రమోటర్, స్కఫ్ ప్యాడ్, క్లిప్పులు తెచ్చాను, వినైల్ రావాలి. అయ్యాక దగ్గర నుంచి తీసిన ఫొటోలు పెడతా, సెన్సర్ అంచులు కూడా కనిపించేలా.

వినైల్_వీర
పట్టీ వెనక మడత ఫొటో కూడా పెట్టన్నా. ముందు వైపు ఎవరైనా బాగానే చేస్తారు, పని తెలిసేది అక్కడే.